బక్క కోడెను తెచ్చుకున్నారా? దాణాకు తొందర వద్దు

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడం మన దగ్గర తరాలనాటి ఆచారం. నిజంగానే కోడెను తెచ్చి సమర్పించేవారు కూడా చాలామంది. అవన్నీ దేవస్థానం గోశాలకు చేరుతాయి. 2025లో మే చివర, జూన్ మొదట్లో కురిసిన వానలకు తిప్పాపూర్ గోశాల బురదమయమైంది. పట్టనన్ని పశువులు కిక్కిరిసి, వరసగా కోడెలు చనిపోయాయి. ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకం చూసి రైతులకు ఉచితంగా కోడెలను పంచారు.

ఇలా వచ్చిన కోడెలే కాదు, మేత లేక కొట్టంలో ఎండిపోయిన ముసలి ఎద్దును, రోడ్డు మీద వదిలేసిన దూడను చేరదీసే రైతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అయితే వాటిలో కొన్ని ఇంటికి వచ్చిన మూడు నాలుగు రోజులకే కాళ్లు చాపేస్తాయి. "దాని ఆయుష్షు అంతే" అనుకుంటాం. చాలాసార్లు అయ్యో పాపం అని మనం గంపెడు పెట్టిన తిండే దాని ప్రాణం తీస్తుంది.

కారణం ఇది. పశువు తిన్న గడ్డిని అరిగించేది దాని పెద్ద పొట్టలో ఉండే కోట్ల సూక్ష్మజీవులు. వారాల తరబడి పస్తులుంటే ఆ జీవులు కూడా తగ్గిపోతాయి. అలాంటి పొట్టలో ఒక్కసారిగా మక్కపిండి, నూకలు, అన్నం, చిక్కటి గంజి పడితే అవి వేగంగా పులిసిపోతాయి. పొట్టంతా ఆమ్లమవుతుంది. ఒంట్లోని నీరు పొట్టలోకి లాగేయబడి, కళ్లు గుంటలు పడి, పశువు తూలుతుంది, పులిసిన వాసనతో పారుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. పెళ్లింట మిగిలిన అన్నం తిని మంచి పాడి బర్రెలే పడిపోవడం మనకు తెలిసిందే కదా. ఇక బక్క పశువు సంగతి చెప్పేదేముంది!

మరి ఏం పెట్టాలి?

ముందు బరువు తెలుసుకోవాలి. తూకం లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవును అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 52, పొడవు 48 అనుకుందాం. బరువు దాదాపు 197 కిలోలు. ఈ కొలతను గోడ మీద రాసి పెట్టుకుని వారం వారం చూసుకుంటే పశువు కోలుకుంటున్నదీ లేనిదీ కంటి అంచనా కన్నా బాగా తెలుస్తుంది.

ఈ బరువున్న కోడెకు రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి పడుతుంది. మొదటి మూడు రోజులు అందులో సగమే, అదీ నాలుగైదు సార్లుగా వేయాలి. బూజు పట్టని వరిగడ్డి గానీ జొన్నచొప్ప గానీ మంచిది. నీళ్లు కూడా ఒక్కసారే బకెట్లకు బకెట్లు తాగనివ్వకుండా గంటకోసారి కొంచెం కొంచెంగా పట్టాలి. నాలుగో రోజు నుంచి గడ్డి పెంచుతూ పచ్చిమేత ఒక గుప్పెడు, రెండు గుప్పెళ్లు కలపవచ్చు. పూత రాని లేత జొన్న, వాన లేక గిడసబారిన జొన్న వేయవద్దు. నాము తగులుతుంది.

దాణా ఎనిమిదో రోజు నుంచే మొదలుపెట్టండి. పావుకిలోను రెండు పూటలుగా వేయాలి. పేడ గట్టిగా, మామూలుగా ఉంటే నాలుగు రోజులకోసారి పావుకిలో చొప్పున పెంచుకుంటూ పోతే నెల దగ్గర పడేసరికి ఒకటిన్నర కిలో అవుతుంది. పేడ పలచబడితే దాణా ఆపి మళ్లీ గడ్డికే రావాలి. తౌడు, మక్కపిండి, పల్లిచెక్కతో పాటు ఖనిజలవణ మిశ్రమం 30 గ్రాములు, ఉప్పు అంతే కలిపితే చాలు. యూరియాతో మాగబెట్టిన గడ్డి మంచిదే గానీ ఇప్పుడే కాదు. పశువు తేరుకున్నాక చూసుకోవచ్చు. ఆరు నెలల్లోపు దూడలకైతే అసలే వద్దు.

పొరపాటున పిండి బస్తాలో మూతి పెట్టిందా? వెంటనే డాక్టరును పిలవండి. ఆయన వచ్చేలోగా, పశువు నిలబడి మింగగలిగే స్థితిలో ఉంటేనే, 100 గ్రాముల తినే సోడాను లీటరు నీళ్లలో కలిపి నెమ్మదిగా తాగించవచ్చు. పడిపోయిన పశువు నోట్లో మాత్రం ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీ పశువుల పక్కన కట్టేయకండి

కొత్త పశువును కనీసం మూడు నాలుగు వారాలు వేరే చోట కట్టాలి. దాని తొట్టి, బకెట్టు వేరుగా ఉండాలి. మీ పశువుల పని ముగించాకే దాని దగ్గరకు వెళ్లాలి. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి ఇలాగే కొట్టంలోకి వస్తాయి. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశంలో ఎంత నష్టం చేసిందో చూశాం. ఆవునో బర్రెనో తెచ్చుకుంటే బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించండి. ఈ జబ్బు పచ్చిపాల ద్వారా మనుషులకూ అంటుతుంది.

పిడుదులు అంటే మన గోమార్లు, రక్తం పీల్చేస్తాయి. వాటి మందు బక్క పశువుకు ఎంత మోతాదులో వాడాలో డాక్టరే చెప్పాలి. నట్టల మందు కూడా వచ్చిన రోజే తాగించకుండా పేడ పరీక్ష చేయించి బరువును బట్టి వేయించాలి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంటే కార్జపు జలగ అయి ఉండవచ్చు. చెరువు గట్టున నత్తలున్న చోట మేసిన పశువుల్లో ఇది ఎక్కువ. రోడ్ల మీద తిరిగిన పశువు నెలైనా ఒళ్లు చేయక, మాటిమాటికీ పొట్ట ఉబ్బుతుంటే ప్లాస్టిక్ కవర్లు మింగిందని అనుమానించాలి. అది మందుకు తగ్గదు. ఆపరేషన్ చేసి తీయాల్సిందే.

లేవలేని పశువుకు కింద వరిగడ్డి మందంగా పరిచి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. లేకుంటే ఒక వైపు కండ చచ్చిపోతుంది. కోడెలకు విత్తులు కొట్టించడం, కాడి అలవాటు చేయడం ఒళ్లు పట్టాకే పెట్టుకోండి.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఉచితమని తెచ్చుకునే కోడె ఏడాదికి రెండు టన్నుల గడ్డి తింటుంది. ఇంచుమించు ఎకరం వరిగడ్డి అన్నమాట. కోత మిషనుతో కోయించి గడ్డిని పొలంలోనే తగలబెట్టే రైతుకు ఇది భారమే. అలాగే పాడి లేని ఇంట్లో పాలు మానని దూడను తెచ్చుకోవద్దు. మేత లేక మళ్లీ రోడ్డు మీద వదిలేస్తే తప్పు మనదవుతుంది. పశువుకు తిండి, నీరు పెట్టకపోవడం, కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. అప్పట్లో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలుగా పెట్టారు, ఎవరు లెక్కచేస్తారు?

దారిలో దొరికిన పశువైతే యజమాని ఉండవచ్చు. పంచాయతీ కార్యాలయంలో రాతపూర్వకంగా చెప్పి ఉంచుకోండి. చెవికి 12 అంకెల ట్యాగు ఉంటే ఆ నంబరును పశువైద్యశాలలో చూపిస్తే వివరాలు తెలుస్తాయి. గోశాల నుంచి తెచ్చుకుంటే ఇచ్చిన కాగితాన్ని భద్రపరచి, ట్యాగును మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆస్పత్రి దూరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊళ్లోకే వస్తుంది.