పడిగె నుంచి పవర్‌పాయింట్ దాకా

కారేపల్లి దాటి ఇల్లందు, మణుగూరు మీదుగా భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి అంచున కోయగూడేలు తగులుతాయి. అక్కడ కొలుపులప్పుడు కథ పాడే డోలీలు పడిగె విప్పుతారు. గుడ్డ మీద ఇలవేల్పులు, వంశ పురుషులు బొమ్మలై ఉంటారు. పాట ఎవరి దగ్గరికొస్తే జనం చూపు ఆ బొమ్మ మీదికి పోతుంది. కథ మాత్రం గుడ్డ మీద రాసి ఉండదు, చెప్పేవాడి నోట్లో ఉంటుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వీరుల కథలు ఇలా పాడిన కళాకారుడే. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. చేర్యాల నకాషీ పటాలదీ ఇదే తోవ. ఆఫీసుల్లో 'పీపీటీ' అని పిలుచుకునే వస్తువు వంశవృక్షం రాయాలంటే నేను వీళ్లతోనే మొదలుపెడతాను.

బొమ్మకు వెలుగూ కటకమూ తోడైన కథ ఐరోపాది. 1659 ప్రాంతంలో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఒక లాంతరు తయారుచేశాడు. వెనక దీపం, మధ్యలో బొమ్మ గీసిన గాజు పలక, ముందు కటకం. కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి పలకనే తిప్పి పెట్టేవారు. ఆ తర్వాత దీపాలు మారాయి, గాజు పోయి ఫిల్ము వచ్చింది, సూత్రం అదే. 1961లో కొడాక్ తెచ్చిన కారౌసెల్ యంత్రంలో గుండ్రటి పళ్లెం తిరుగుతుంటే స్లైడ్లు ఒక్కొక్కటే తమ బరువుతో తామే కిందికి జారేవి. మన టాకీసుల్లో ఇంటర్వెల్లో బట్టల కొట్టు ప్రకటనలు, 'పొగ త్రాగరాదు' హెచ్చరికలు పడిందీ స్లైడ్ల మీదే.

అప్పట్లో ఒక స్లైడు చేయించాలంటే ఖర్చు. ఫొటో తీయాలి, కడగాలి, చట్రంలో బిగించాలి. తప్పు దొర్లితే మళ్లీ మొదటికి. అందుకే ఏ బొమ్మ అవసరమో ముందే తేల్చుకునేవారు.

ఆ ఖర్చును తుడిచిపెట్టినవాడు రాబర్ట్ గాస్కిన్స్. కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో డెన్నిస్ ఆస్టిన్, టామ్ రడ్కిన్‌లతో కలిసి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. మొదట 'ప్రెజెంటర్' అనుకున్నారు. ఆ పేరు కుదరక పవర్‌పాయింట్ అయింది. 1987లో మెకింటాష్ కంప్యూటర్లకు వచ్చింది, అదీ నలుపు తెలుపుల్లో. స్లైడును కాగితం మీద అచ్చువేసి, పారదర్శక షీటుగా మార్చి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టుకోవాల్సిందే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది.

అదే 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ ఒక చిప్ కనిపెట్టాడు. దాని మీద లక్షల అద్దాలుంటాయి, ఒక్కోటి వెంట్రుక మందం కంటే చిన్నది. తెర మీది ప్రతి చుక్కకూ ఒక అద్దం. అది ఒకవైపు వాలితే వెలుగు తెర మీద పడుతుంది, రెండోవైపు వాలితే పక్కకు పోతుంది. సెకనుకు కొన్ని వేలసార్లు అలా ఊగుతూ, ఎంతసేపు ఎటు వాలిందన్న లెక్కతోనే నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలన్నీ పుట్టిస్తుంది. ఇప్పటికీ చాలా ప్రొజెక్టర్లలో పనిచేసేది ఈ చిప్పే. సాఫ్ట్‌వేరూ అద్దాలూ కలిశాక మనిషికి ఫిల్ముతో పని లేకుండా పోయింది. ఖర్చుతో పాటు ముందుగా ఆలోచించే అలవాటూ పోయిందని నా అనుమానం.

ఆ అలవాటు తప్పడం ఎందాకా పోయిందో 2003 చెబుతుంది. కొలంబియా వ్యోమనౌక ఎగిరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు ప్రమాదం లెక్కగట్టి నాసాకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడులో పెద్దక్షరాల శీర్షిక చదివితే భయపడాల్సింది లేదనిపిస్తుంది. అట్టడుగున, చిన్నక్షరాల్లో అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ అంచనా 1920. అంటే 640 రెట్లు. ఆ అంకె శీర్షికలో ఉండాల్సింది. ఫిబ్రవరి 1న నౌక భూమికి తిరిగి వస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ స్లైడును చీల్చి చూపించిన సమాచార చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ మాటలను దర్యాప్తు బోర్డు తన నివేదికలోనే చేర్చింది. స్లైడే చంపిందని కాదు గానీ, చంపేదాన్ని కనబడకుండా దాచింది.

మన రాజకీయాల్లోకి స్లైడ్లు తొందరగానే వచ్చాయి. 1997లో చంద్రబాబు నాయుడు ల్యాప్‌టాప్ తెరిచి బిల్ గేట్స్‌కు హైదరాబాద్‌ను చూపించారు. 2016 మార్చి 31న కేసీఆర్ శాసనసభలోనే తెర పెట్టి గోదావరి, కృష్ణల మీది ప్రాజెక్టులను మ్యాపులతో గంటల తరబడి వివరించారు. సభ చర్చకు గానీ ప్రదర్శనకు కాదంటూ కాంగ్రెస్ బహిష్కరించింది, కొన్నాళ్లకు తన స్లైడ్లతో తానూ జవాబిచ్చింది. నది ఎక్కడ వంపు తిరుగుతుందో నోటితో చెప్పడం కష్టం. అలాంటి చోట మ్యాపు తెర మీద ఉండాల్సిందే.

మరి వాక్యాలు? తెర మీది వాక్యాన్నే వక్త చదువుతుంటే వినేవాళ్లకు తక్కువ ఎక్కుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు తేల్చాయి. చెవి, కన్ను రెండూ ఒకే మాటల వెంట పరిగెడితే బుర్రలో ఇరుకవుతుంది. బొమ్మ కన్నుకూ, మాట చెవికీ ఇస్తే రెండూ కలిసి పనిచేస్తాయి.

కారేపల్లి చుట్టుపక్కల మిర్చి రైతులకు ఒక పురుగు గురించి చెప్పాలనుకోండి. 2021-22లో ఖమ్మం మిర్చిని నల్ల తామర పురుగు ఊడ్చేసింది. పూతలో దాగే ఆ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. ప్రొజెక్టరు దాన్ని గజం పొడవు చేసి చూపిస్తుంది, అది మరొకదానివల్ల కాని పని. మొదటి స్లైడు పురుగు, రెండోది అది పాడుచేసిన పూత, మూడోది చేలో కట్టిన నీలిరంగు జిగురు అట్ట. పేర్లు రాయాల్సివస్తే అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి, లేకపోతే మన ఒత్తులు కింది వరుస గుడుల మీద వాలతాయి. ఫాంటును ఫైల్లోనే పొదగాలి, లేదంటే వేరే కంప్యూటర్లో అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు రావచ్చు.

ఇక రైతులు పురుగు వదిలేసి ధర గురించి అడగడం మొదలుపెడతారు. అప్పుడు కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది. మాటలు అయ్యాక మళ్లీ అదే నొక్కితే స్లైడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వస్తుంది. ఈ మీట సంగతి రోజూ స్లైడ్లు వేసేవాళ్లలోనే చాలామందికి తెలియదు.