అక్కి మానినా ఆరని మంట

"అక్కి లేచింది" అనగానే మన ఊళ్లల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, ఎర్రమట్టితో సింహం బొమ్మ వేసే కుమ్మరి. సర్పి అన్నా, హెర్పిస్ జోస్టర్ అన్నా ఈ జబ్బే. బొమ్మ వేయించుకోవడం మీద నాకేం కోపం లేదు. కాకపోతే మూడు నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే మాడిపోతాయి, పేరు బొమ్మకొస్తుంది. అసలు కష్టం ఆ తర్వాతే!

మా పెద్దాడపడుచు జాకెట్లు కుడుతుంది. యాభై ఎనిమిదేళ్లు, షుగరుంది. ముందు ఎడం రొమ్ము కింద నుంచి వీపు దాకా ఒకటే పోటు. గుండెపోటేమోనని ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. రెండు రోజులకి పొక్కులు గుత్తులుగా లేచాయి. ఆ చోటు ఎవరికి చూపిస్తుంది? సిగ్గుపడి, లేడీ డాక్టరు కోసం చూసి, వెళ్లేసరికి అయిదోరోజు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్, అది తగ్గాక కూడా వెన్ను పక్కనున్న నరాల్లో దాక్కుంటుంది. వయసు మీదపడో, షుగరు వల్లో, స్టెరాయిడ్లు, కేన్సరు మందుల వల్లో రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంట పైకి లేస్తుంది. అందుకే ఒంటికి ఒక్క పక్కనే వస్తుంది. తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్నది ఉత్త భయం.

పొక్కులు లేచిన 72 గంటల్లోపు అసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే జబ్బు తొందరగా సర్దుకుంటుంది. నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొసన లేస్తే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, చూపుకే ముప్పు. పొక్కుల రసి తగిలితే ఆటలమ్మ రానివాళ్లకి ఆటలమ్మ రావచ్చు. అవి ఎండేదాకా గర్భిణులనీ పసిపిల్లలనీ దగ్గరికి రానివ్వకండి.

మా ఆడపడుచుకి మచ్చలు మిగిలాయి, మంట కూడా మిగిలింది. జాకెట్టు తగిలితే నిప్పు రాసినట్టు. ఇంట్లో నైటీ, పైన వదులుగా కొంగు. పైకి పుండు కనిపించదు కదా, "ఇంకా నొప్పేమిటి?" అని అడిగేవాళ్లే అందరూ. మూడు నెలలు దాటినా తగ్గని ఈ నొప్పికి పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అని పేరుంది. దెబ్బతిన్నది నరం కాబట్టి మామూలు నొప్పిబిళ్లలు పెద్దగా పనిచేయవు. ప్రీగాబలిన్, గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు. వాటితో మత్తు. మత్తులో మిషను తొక్కడమెలా?

పండగకి వచ్చిన గుడ్డలన్నీ తిరిగిచ్చేసింది. తీసుకెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. చీటీ రెండు వాయిదాలు తప్పింది. తోడు ఉండటానికి కూతురు షాపులో పని మానుకుంది. మందుల బిల్లు అందరికీ కనిపిస్తుంది. ఈ పోయిన కూలి ఏ బిల్లులోనూ ఉండదు!

2023లో మన దేశంలోకి షింగ్రిక్స్ టీకా వచ్చింది. యాభై దాటినవాళ్లకి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఒకసారి అక్కి వచ్చి తగ్గినవాళ్లూ డాక్టరు నడిగి వేయించుకోవచ్చు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. రెండు డోసులకీ కలిపి ఇరవై వేల పైమాటే.

"జాకెట్టుకి రెండొందలు లెక్కన వంద జాకెట్ల కూలి," అంది మా ఆడపడుచు. ఇప్పుడు రోజుకి రెండు కుట్టడమే గగనంగా ఉంది తనకి.