కూలర్‌కు సరిపోయిన బాక్సు హీటర్ రాడ్‌కు సరిపోదు

మే నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, తఖత్‌పూర్ ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కిటికీల దగ్గర కూలర్లు వెలుస్తాయి. గోడ సాకెట్ అందకపోతే మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడతారు. చలికాలం రాగానే కూలర్ మూలకు చేరుతుంది, అదే బాక్సుకు నీళ్లు కాచే రాడ్ తగులుతుంది. చిక్కంతా ఇక్కడే.

వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల కరెంటు పారుతుందో తెలుస్తుంది. 200 వాట్ల కూలర్‌ ఒక ఆంపియర్ కూడా తీసుకోదు. 1500 వాట్ల రాడ్ 6.5 తీసుకుంటుంది. మామూలు బాక్సు మీద రాసి ఉండేది 6 మాత్రమే. నాలుగు సాకెట్లున్నా ఆ 6 ఆంపియర్లు అన్నింటికీ కలిపే.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. వైరును చుట్టగా ఉంచినా, తివాచీ కింద దాచినా ఆ వేడి బయటికి పోలేదు. అన్నిటికన్నా ముందు కాలేది వదులైన సాకెట్టే. ప్లగ్గు తీయగానే పిన్నులు చురుక్కుమంటే ఆ బాక్సును పక్కన పెట్టాల్సిందే.

‘ఎం.సి.బి. ఉందిగా, పడిపోతుంది’ అనుకుంటాం. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి 9 ఆంపియర్లు లెక్కలోకే రావు. సన్న వైరు మాడుతున్నా అది కదలదు. రాడ్‌ను నేరుగా గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టడం మేలు. తప్పనిసరైతే 16 ఆంపియర్ల బాక్సు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. వైరు లావుగా కనిపిస్తే చాలదు, లావు ప్లాస్టిక్‌దీ కావచ్చు. పెద్ద పిన్నుల ప్లగ్గు చిన్న సాకెట్‌లో దూరకపోవడం కావాలని పెట్టిన అడ్డంకి. కన్వర్టర్ ప్లగ్గుతో దాన్ని దాటేస్తున్నాం.

కూలర్ సంగతి వేరు. దానికి సన్న వైరైనా చాలు గానీ ఎర్తింగ్ ఉండి తీరాలి. పైకి మూడు పిన్నులున్నా లోపల రెండే తీగలుండే చవక బాక్సులున్నాయి. పంపు నుంచి ఇనుప బాడీకి కరెంటు పాకితే, పోయే దారి లేక అక్కడే కాచుకుని ఉంటుంది. తడికాళ్లతో నీళ్లు పోసేవాళ్లే దానికి దారి అవుతారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అలాంటి లీకేజీని పట్టి క్షణంలోపే కరెంటు ఆపుతుంది. అది ఉన్నా సరే, నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలి. బాక్సును నేల మీద కాకుండా ఎత్తులో బిగించి, వైరును కాస్త కిందికి వేలాడనిస్తే, దాని మీద జారే నీటిచుక్క సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.