కంపైలరు చేయు పొరపాట్లు – వాని దిద్దుబాటు

గణకయంత్రమునకు మన భాష తెలియదు. సి మొదలగు ప్రోగ్రాము భాషలును దానికి నేరుగా తెలియవు. ఆ వ్రాతను యంత్రమెరిగిన సంకేతములలోనికి మార్చు సాధనమునకే కంపైలరని పేరు. 1957వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థయందు జాన్ బాకస్ ప్రభృతులు ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించిరి. ఆనాటినుండియు ఈ అనువాదకునకు రెండు ధర్మములు కలవు. మొదటిది, వ్రాసిన అర్థము చెడకుండ మార్చుట. రెండవది, యంత్రమునకు శ్రమ తగ్గునట్లు మార్చుట. ఈ రెండవదానిని ఆప్టిమైజేషను అందురు. రెండవ ధర్మము మొదటిదానిని మ్రింగినప్పుడు కలుగు అనర్థమును, దానిని దిద్దు విధమును మీకు మనవిచేయదలచితిని.

మా కోనసీమకు తగిన ఉదాహరణమునే తీసికొందును. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో ఒక వర్తకుడు ముఠా కూలీల లెక్కకై ప్రోగ్రాము వ్రాయించెననుకొందము. లారీ యొక్కటికి కాయలు ఎక్కించు కూలి 1,200 రూపాయలు. ఆనాడు పనికి వచ్చినవారు 6గురు. లారీ నిండినప్పుడెల్ల 1,200ను 6చే భాగించి, వచ్చిన 200 రూపాయలను ఒక్కొక్కని పేర జమకట్టవలెను. 40 లారీలు నిండినచో 40 భాగహారములు. ఫలితము మారని భాగహారమును ఇన్నిమారులు చేయనేల యని కంపైలరు దానిని ముందుగా ఒక్కమారే చేసియుంచి, తరువాత జమలు మాత్రము కట్టును. తెలివిగల గుమాస్తాయు ఇట్లే చేయును. ఇందు తప్పేమున్నది?

కనుమనాటి లెక్క చూడుడు. ఊరందరును ప్రభలతీర్థమునకు పోయినారు. మార్కెట్టులో లారీ లేదు. కూలీల సంఖ్య సున్న. మూలమునందు లారీ నిండినప్పుడే భాగహారము. లారీయే లేదు కావున భాగహారమును లేదు. మార్చిన సంకేతమునందో, లారీ వచ్చెనా లేదా యని చూడకయే భాగహారము మొదట జరుగును. 1,200ను సున్నచే భాగింపబూనుటతో పెక్కు యంత్రములలో ప్రోగ్రాము ఆగిపోవును. నింద ప్రోగ్రాము వ్రాసిన కుర్రవానిపై పడును. అతడు తన వ్రాతను ఎన్నిమారులు చదువుకొన్నను తప్పు కానరాదు, అందు తప్పు లేదు గనుక. ఆగిపోవు దోషము కొంత నయము. మరికొన్ని దోషములు ఆగక, తప్పు అంకె వ్రాసి సాగిపోవును. కూలీకి రావలసిన సొమ్ము తగ్గినను ఎవ్వరికిని తెలియదు.

ఇక దిద్దుబాటు. కంపైలరుపై నేరము మోపుటకు ముందు మన వ్రాతను పరీక్షింపవలెను. సి భాషలో కొన్ని పనులకు అర్థమే నిర్ణయింపబడలేదు. శ్రేణి హద్దు దాటి చదువుట అట్టిది. అది మన వ్రాతలోనున్నచో కంపైలరు ఏమిచేసినను దోషము మనదే. ఆప్టిమైజేషను మాన్పించినంతనే ఫలితము సరిపడుట అనుమానమునకు ఆధారమగునుగాని నిర్ణయమునకు చాలదు.

పిమ్మట ఉదాహరణమును కుదింపవలెను. దోషము కనబడుచుండగనే ఒక్కొక్క పంక్తి తీసివేయుచు పోయినచో, వేల పంక్తుల ప్రోగ్రాము పది పంక్తులకు దిగవచ్చును. పీచు ఒలిచినగాని కాయ కన్ను కనబడదు గదా! తరువాత, కంపైలరులో ఏ మార్పుతో ఈ దోషము ప్రవేశించెనో వెదకవలెను. వేయి మార్పులున్నను, సగమునకు సగము విడదీయుచు పరీక్షించినచో పది పరీక్షలలో తేలును.

కారణము దొరికినప్పుడు ఆ ఉపాయమునే త్రోసివేయ నక్కరలేదు. అది ఎప్పుడు చెల్లునో ఆ నియమమును చేర్చిన చాలును. లారీ యొక్కటైనను వచ్చునని గాని, కూలీల సంఖ్య సున్న కాదని గాని రూఢిగా తెలిసినప్పుడే భాగహారమును ముందునకు జరుపవలెను. ఆ పది పంక్తుల ఉదాహరణమును కంపైలరు పరీక్షలలో శాశ్వతముగా చేర్చవలెను. లేనిచో మరియొకరు ఇంకొక మెరుగుదల చేయుచు అదే దోషమును మరల తెచ్చుట సులభము.

ఇట్టి దోషములు అరుదని తలపరాదు. 2011లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమువారు సీస్మిత్ అను సాధనముచే యాదృచ్ఛికముగా ప్రోగ్రాములు పుట్టించి, మూడేండ్లలో 325కు మించిన క్రొత్త దోషములను కంపైలరుకర్తలకు తెలిపినట్లు ప్రకటించిరి. ఫ్రాన్సులో జేవియర్ లెరోయ్ నాయకత్వమున రూపొందిన కాంప్‌సెర్ట్‌నందు, గణితముచే నిరూపింపబడిన భాగములో మాత్రము వారికి తప్పు సంకేతము దొరకలేదు. 2015లో మరికొందరు పరిశోధకులు ఎల్‌ఎల్‌వీఎం కంపైలరులోని 300కు మించిన చిన్న మెరుగుదలలను గణితపరీక్షకు పెట్టగా 8 తప్పని తేలెను. నియమమును విప్పి వ్రాసినచోటనే తప్పు బయటపడుచున్నదని దీనివలన గ్రహింపవలెను.

జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం కంపైలరుల మూలవ్రాత అందరికిని తెరచియున్నది. అమలాపురమునగాని, రాజోలునగాని, కొత్తపేటనగాని చదువుకొను విద్యార్థి, పది పంక్తుల ఉదాహరణముతో దోషమును నిరూపించి తెలిపినచో, దానిని దిద్దువారు ఆతని ఊరేదని అడుగరు. ఆ పది పంక్తులు నిజమా కాదా యని మాత్రమే చూతురు.