ఎంఆర్ఐ రిపోర్ట్‌లో ఆ ప్రశ్నార్థకం ఎందుకుంది?

ఈ ఎపిసోడ్ మా మామ నడుము గురించి. రామకుప్పంలో ఆయనకి రెండు పాడి ఆవులున్నాయి. నాలుగు నెలలుగా నడుము నొప్పి, సాయంత్రమైతే జ్వరం, చెమటలు. ఎక్స్‌రే నార్మల్. ఎముక చాలావరకు కరిగితే గానీ ఎక్స్‌రేకి తెలీదు లెండి. తర్వాత ఎంఆర్ఐ తీశారు. రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది: వెన్నులో ఇన్‌ఫెక్షన్, 'టీబీ?' అని. ఒక డాక్టర్ అయితే వెంటనే టీబీ మాత్రలు మొదలుపెడదామన్నారు.

నాకు ఆ ప్రశ్నార్థకమే అర్థం కాలేదు. చదివితే తెలిసిందేంటంటే, ఎంఆర్ఐకి కనిపించేది క్రిమి కాదు, నీరు. వాపు, చీము ఉన్నచోట నీరెక్కువ, టీ2 బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. ఏ క్రిమి అయినా అదే తెలుపు. మా కోడింగ్ భాషలో ఎర్రర్ మెసేజ్ ఒకటే, బగ్‌లు వేరు! అందుకే రేడియాలజిస్టులు ఆ తెలుపు ఎటు పాకిందో చూస్తారు.

టీబీ ఎక్కువగా వీపు మధ్య నుంచి నడుము పైభాగం దాకా వస్తుంది. మొదట్లో డిస్క్‌ని పెద్దగా ముట్టుకోదు. ముందున్న లిగమెంట్ కింద పాకి రెండు మూడు పూసలు దాటుతుంది. పక్కన పల్చటి గోడతో పెద్ద చీముగడ్డ. ముదిరితే గూని. స్టాఫిలోకాకస్ లాంటివి డిస్క్‌నే ముందు తినేస్తాయి, గడ్డ గోడ మందంగా ఉంటుంది. మూడోది బ్రూసెల్లా, పశువుల్లో ఈసుకుపోయే రోగం తెచ్చేది. పచ్చిపాలతో, మాయ తాకితే మనకీ వస్తుంది. నడుము కిందిభాగంలో ఎక్కువ, పూస ఆకారం అంతగా చెడదు. మామకి ఎల్4, ఎల్5 దగ్గరే.

మనవైపు ముందు టీబీ అనుకోవడం సహజమే. 1912లో మొదలైన టీబీ శానిటోరియమే మదనపల్లె పక్కన ఇప్పటి ఆరోగ్యవరం మెడికల్ సెంటర్. కానీ ఈ గుర్తులు ఒకదానివి ఇంకోదాంట్లోనూ కనబడతాయి. అందుకే వీలైతే మందులకి ముందే సూదితో ముక్క తీసి కల్చర్‌కీ, సీబీనాట్‌కీ పంపాలి. బ్రూసెల్లా రక్తపరీక్ష విడిగా అడగాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ బ్రూసెల్లా మీదా పనిచేస్తుంది. కొంచెం తగ్గగానే టీబీయే అని నమ్మేస్తాం, అక్కడే మోసపోతాం. కాళ్ళు చచ్చుబడినా, మూత్రం ఆగినా మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి.

ఇంకో ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫిల్మ్ చూడకముందే అడిగారు: "ఇంట్లో పశువులున్నాయా?" మార్చిలో ఒక ఆవు ఈసుకుపోయింది. మాయ చేత్తో తీసింది మామే. రక్తపరీక్ష, కల్చర్ రెండూ బ్రూసెల్లా అన్నాయి. ఇప్పుడు మామ మందులు వాడుతున్నాడు. మొన్న పశువుల డాక్టర్ వచ్చి రెండు ఆవుల రక్తం కూడా తీసుకెళ్ళారు.