నీడని డిలీట్ చేయలేం

ఫస్ట్ ఇయర్ సెమినార్‌లో ఒకబ్బాయి ఇంగ్లీషులో తడబడ్డాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు. క్లాసులో కొంతమంది నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అతను నాకేమీ అన్యాయం చేయలేదు. మరి నాకెందుకంత నవ్వొచ్చింది?

దీనికి జవాబు స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ (1875–1961) చెప్పిన ఒక ఆలోచనలో దొరికింది. చిన్నప్పటి నుంచి మనలో కొన్నిటికి మెప్పు వస్తుంది, కొన్నిటికి తిట్లు పడతాయి. మెప్పు వచ్చినవాటితో లోకానికి చూపించే ఒక ముఖం తయారు చేసుకుంటాం. దాన్ని యూంగ్ 'పర్సోనా' అన్నాడు. పాతకాలం నటులు పెట్టుకునే మాస్కుకి లాటిన్‌లో ఉన్న పేరది. సిగ్గు తెచ్చినవాటిని వెనక్కి నెట్టేస్తాం. ఆ భాగమే 'షాడో', అంటే నీడ.

నీడలో అన్నీ చెడ్డవే ఉండాలని లేదు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని విన్నవాడి నీడలో ఏడుపు ఉంటుంది. "ఆడపిల్లకి అంత కోపమా" అని విన్న అమ్మాయి నీడలో కోపం ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా ఉంది. 'నేను తప్పు చేశాను' అనుకుంటే పశ్చాత్తాపం. 'నేనే ఒక తప్పు' అనుకుంటే సిగ్గు. మొదటిదైతే సారీ చెప్పి సరిదిద్దుకోవచ్చు. రెండోదాన్ని ఏం చేయాలో తెలియక దాచేస్తాం.

నేను దాచింది ఇదీ. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్ళు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఏడో తరగతిలో పేరెంట్స్ మీటింగ్ ఉందని అమ్మకి చెప్పలేదు. సార్ అడిగితే అమ్మకి ఒంట్లో బాలేదన్నాను.

దాస్తే పోతుందా? 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన తోటి పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి 5 నిమిషాలు ఆలోచించొద్దు, గుర్తొస్తే బెల్ కొట్టండి అన్నారు. బెల్ మోగుతూనే ఉంది. తర్వాత "ఇప్పుడు ఆలోచించుకోండి" అంటే, మొదటి నుంచీ ఆలోచించమన్నవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే ఫైల్ డిలీట్ అవ్వలేదు, హైడ్ అయిందంతే.

మనలో ఒప్పుకోలేనిది ఎదుటివాళ్ళలో కనిపిస్తే మనకి కోపమో వెటకారమో వస్తుంది. దీన్నే ప్రొజెక్షన్ అంటారు. ఆ రోజు స్టేజి మీద నాకు కనిపించింది ఆ అబ్బాయి కాదు, నేను దాచిన నా ఇల్లు.

మరి ఏం చేయాలి? ముందు, ఎవరిని చూస్తే మనకి అవసరానికి మించి చిరాకొస్తుందో గమనించాలి. నీడ అక్కడే దొరుకుతుంది. తర్వాత దాన్ని కాగితం మీద పెట్టొచ్చు. జేమ్స్ పెన్నెబేకర్ 1986 నాటి అధ్యయనంలో విద్యార్థులు రోజుకి 15 నిమిషాల చొప్పున 4 రోజులు తమ బాధల గురించి రాశారు. రాసేటప్పుడు కష్టంగానే ఉన్నా, తర్వాతి నెలల్లో వాళ్ళు హెల్త్ సెంటర్‌కి వెళ్ళడం తగ్గింది. చివరిగా, నమ్మకమైన ఒక్కరికైనా చెప్పాలి. మోయలేనంత బరువైతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం మంచిది.

ఒప్పుకోవడం అంటే వదిలేయడం కాదు. నాలో కోపం ఉందని ఒప్పుకుంటే ఎవరినో కొట్టమని కాదు కదా. ఉన్నదాన్ని ఉందని చూస్తేనే దాని పగ్గం మన చేతికొస్తుంది.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి ఆ మీటింగ్ సంగతి చెప్పేశాను.

"తెలుసురా. ఒంట్లో ఎలా ఉందమ్మా అని మీ సార్ ఆ సాయంత్రమే ఫోన్ చేశారు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు సిగ్గుపడతావని."

ఇన్నేళ్ళూ నేను దాస్తున్నాననుకున్నది అమ్మ నాకోసం దాచింది. ఆ అబ్బాయికి మాత్రం ఇంకా సారీ చెప్పలేదు. ఈ సంచిక వచ్చేలోపు చెప్పాలి.