స్కాన్ కాగితం చెప్పని నాలుగు అంకెలు

కడుపులో మంటనో, గ్యాసనో నర్సీపట్నమో విశాఖో దిగి స్కానింగ్ తీయించుకుని మన్యంలోని చింతపల్లి తిరిగొచ్చినవాళ్ల సంచిలో ఒక కాగితం ఉంటుంది. అందులో చివరి లైను చాలాసార్లు ఇదే: ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’. అది విని కొందరు క్యాన్సర్ వచ్చేసినట్టే బెంబేలెత్తిపోతారు. ఇంకొందరు ‘ఈ రోజుల్లో ఎవరికి లేదులే’ అని కాగితం మడిచి దూలంలో దోపేస్తారు. లెక్క చూస్తే ఇద్దరిదీ పొరపాటే.

ముందు ఆ ‘గ్రేడ్’ సంగతి. 1, 2, 3 అనేవి కాలేయంలో ఎంత కొవ్వు పేరుకుందో చెప్పే అంకెలు. క్యాన్సర్ ముప్పు మాత్రం కొవ్వు కన్నా మచ్చ మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఏళ్ల తరబడి వాచి, మానుతూ, మళ్లీ వాస్తూ ఉంటే లోపల గట్టి నార లాంటి మచ్చ కడుతుంది. అది ముదిరి కాలేయమంతా గడ్డలు గడ్డలుగా బిగుసుకుపోతే సిర్రోసిస్. గ్రేడ్-3 ఉన్నా మచ్చ లేనివాళ్లున్నారు. గ్రేడ్-1 అని రాసినా లోపల మచ్చ ముదిరినవాళ్లూ ఉన్నారు. సిర్రోసిస్ బాగా ముదిరితే కొవ్వు కరిగిపోయి స్కాన్‌లో అసలు కనిపించకపోవచ్చు కూడా.

ఎంతమందికి ఉంది? మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి 2022లో లెక్క తీస్తే పెద్దవాళ్లలో నూటికి 38.6 మందికి ఫ్యాటీ లివర్ తేలింది. 2025లో హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి ఉంది. రాత్రుళ్లు కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల అంకెను తెచ్చి, చోడి అంబలి తాగి కొండెక్కి కాఫీ తోటలో కలుపు తీసేవాళ్లకి అతికించలేం. అలాగని ఏజెన్సీకి ఈ జబ్బు రాదనీ కాదు. మనవాళ్లకి సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు చేరుతుంది. అందుకే ఆసియావాళ్లకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త దగ్గరున్న ఫారంలో నడుము కొలత కూడా ఉంటుంది. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మార్కులు పడతాయి. చీర కుచ్చిళ్ల మీంచి టేపు పెడితే కొలత పెరిగిపోతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా కొలవాలి. ఫ్యాటీ లివర్‌ను కూడా బీపీ, షుగర్‌తో పాటు చూడాల్సిన జబ్బుల జాబితాలో కేంద్రం చేర్చింది 2021లో.

ఇక భయపెట్టే మాట. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో దాదాపు 3 లక్షల మంది ఫ్యాటీ లివర్ రోగులను ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన లెక్క ఇది. ఏడాదికి పదివేల మందిలో సుమారు ఇద్దరికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఫ్యాటీ లివర్ లేనివాళ్లలో ఒక్క కేసు కనబడాలంటే యాభైవేల మందిని చూడాలి. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయినవాళ్లలో మాత్రం అదే పదివేలకి 106 మంది. ఇద్దరెక్కడ, 106 మంది ఎక్కడ! అయితే క్యాన్సర్ వచ్చినవాళ్లలో అయిదింట ఒక వంతుకి సిర్రోసిస్ ఉన్న దాఖలాలు లేవు. సిర్రోసిస్ ఉన్నవాళ్లనే చూసే వలకి ఆ మేరకు చిల్లు ఉందన్నమాట.

అలాంటప్పుడు ఫ్యాటీ లివర్ ఉన్న అందరికీ ఆర్నెల్లకోసారి స్కాన్ తీస్తే పోలేదా? పోదు. పదివేల మందికి ఏడాదికి ఇరవైవేల స్కాన్లు తీస్తే దొరికేది మహా అయితే రెండు క్యాన్సర్లు. ఆ రెండూ దొరుకుతాయన్న హామీ కూడా లేదు. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో తొలిదశ క్యాన్సర్‌ను ఒక్క అల్ట్రాసౌండే అయితే నూటికి 45 సార్లు పట్టుకుంటుంది. ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష జోడిస్తే 63. పైగా కొవ్వు దట్టంగా ఉంటే శబ్ద తరంగాలు లోపలికి సరిగ్గా దిగవు, బొమ్మ మసకబారుతుంది.

కాబట్టి ముందు జల్లెడ పట్టాలి. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మామూలు రక్తపరీక్ష రిపోర్టులో ఉండే మూడు అంకెలకు (ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు, ప్లేట్‌లెట్లు) వయసు కలిపితే చాలు. దీన్ని ఫిబ్-4 అంటారు. 2006లో వేరే రోగుల కోసం కట్టిన సూత్రం ఇది, ఫ్యాటీ లివర్‌కు తర్వాత పనికొచ్చింది. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చవేయాలి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2.4 లక్షలని ఉంటే లెక్కలో 240 అని వేసుకోవాలి.

ఊహకి ఒక 52 ఏళ్ల మనిషిని తీసుకుందాం. ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. పైన 52 ఇంటూ 30 అంటే 1560. కింద 36కి వర్గమూలం 6, దాన్ని 240తో హెచ్చవేస్తే 1440. భాగిస్తే 1.08. ఇది 1.3 కన్నా తక్కువ కాబట్టి ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. షుగర్ ఉంటే ఏడాదికో రెండేళ్లకో, లేకపోతే రెండు మూడేళ్లకో మళ్లీ లెక్కేసుకోవచ్చు. 2.67 దాటితే పెద్ద డాక్టరు దగ్గరికి. మధ్యలో ఉంటే కాలేయం ఎంత బిగుసుకుందో కొలిచే ఫైబ్రోస్కాన్ తీస్తారు, అందులో 8 కిలోపాస్కల్ లోపు వస్తే ఊరట. వయసు 65 దాటినవాళ్లకి 1.3 బదులు 2.0 చూడాలి. 35 లోపువాళ్లకి ఈ సూత్రం అంతగా నప్పదు.

పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. చింతపల్లిలో అవ్వదు. మన్యంలో రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకుంటారు? జ్వరమొచ్చినప్పుడు. మలేరియా వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. డెంగీ అయినా అంతే. అదే మనిషికి వానాకాలంలో మలేరియా వచ్చి, ప్లేట్‌లెట్లు 80 వేలు, ఎస్‌జీఓటీ 72, ఎస్‌జీపీటీ 49 వచ్చాయనుకోండి. 52 ఇంటూ 72 అంటే 3744. కింద 80 ఇంటూ 7, 560. భాగిస్తే 6.69! కాగితం మీద సిర్రోసిస్ రోగి. లోపల కాలేయం మారలేదు, మారింది రక్తం. జ్వరం నాటి రిపోర్టు పట్టుకుని ఈ లెక్క కట్టడం, వరదలో గెడ్డ లోతు కొలిచినట్టే. జ్వరం పూర్తిగా తగ్గి, నెలో నెలన్నరో గడిచాక తీసిన అంకెలే లెక్కకి పనికొస్తాయి.

సికిల్‌సెల్ జబ్బున్నవాళ్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఎర్ర కణాలు చితికినప్పుడు అందులోంచి కూడా ఎస్‌జీఓటీ బయటికొస్తుంది. 2023 జులైలో మొదలైన సికిల్‌సెల్ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఫిబ్-4 లెక్క కట్టే డాక్టరుకి ఆ కార్డు కూడా చూపించాలి.

జీలుగు కల్లు, సారా మాట ఎత్తకుండా ఈ ప్రాంతంలో కాలేయం గురించి రాయడం మోసం. స్వచ్ఛమైన చెట్టు కల్లే కదా అంటారు. కాలేయానికి చెట్టు తెలియదు, ఆల్కహాలే తెలుస్తుంది. వారానికి మగవాళ్లకి 210 గ్రాములు, ఆడవాళ్లకి 140 గ్రాములు దాటితే డాక్టర్లు దాన్ని ఒట్టి ఫ్యాటీ లివర్ అనరు, తాగుడు వాటా కూడా కలిపి లెక్కేస్తారు. షుగరూ తాగుడూ జోడైతే మచ్చ ఇంకా తొందరగా కడుతుంది.

ఇంకో పరీక్ష జన్మకి ఒక్కసారైనా తప్పనిసరి. హెపటైటిస్-బి. ఈ వైరస్ ఉంటే సిర్రోసిస్ లేకుండానే క్యాన్సర్ రావచ్చు. అందుకే ఈ వైరస్ ఉన్న ఆసియా మగవాళ్లలో 40 దాటినవాళ్లకీ, ఆడవాళ్లలో 50 దాటినవాళ్లకీ మచ్చతో నిమిత్తం లేకుండా ఆర్నెల్లకోసారి స్కాన్ చెబుతారు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. చైనాలోని షాంఘైలో ఈ వైరస్ గానీ, దీర్ఘకాల హెపటైటిస్ చరిత్ర గానీ ఉన్న 18,816 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి ఆర్నెల్లకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ చేస్తే కాలేయ క్యాన్సర్ చావులు 37 శాతం తగ్గాయి. ఆ జట్టులో అందరూ ప్రతిసారీ వచ్చినవాళ్లు కాదు, పిలిచిన పరీక్షల్లో 58 శాతానికే వచ్చారు.

ఆ 58 చింతపల్లికి ముఖ్యమైన అంకె. సిర్రోసిస్ తేలినవాళ్లు ఏడాదికి రెండుసార్లు కొండ దిగాలి, పదేళ్లకి ఇరవైసార్లు. రోడ్డు లేని గూడెం నుంచి అయితే ముందు బస్సు దాకా నడక. ఒక రోజు కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలి కూడా. అందుకే ఆ ఇరవై ప్రయాణాలు నిజంగా అవసరమైన కొద్దిమందిని సరిగ్గా ఏరడం ఇక్కడ మరీ ముఖ్యం. తప్పు లెక్కతో ఒకణ్ని బస్సెక్కిస్తే రెండో తడవ పిలిచినా రాడు.

మచ్చ ముదరనివాళ్లకి అసలు మందు బరువు తగ్గడమే. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు కరుగుతుంది, 10 శాతం తగ్గితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతుంది. 70 కిలోల మనిషికి అది 7 కిలోలు. పాలిష్ బియ్యం ఓ పూట తగ్గించి సామలు, చోళ్లు వండుకోవడం ఇక్కడ కొత్తగా నేర్పాల్సిన పనా?

కాఫీ సంగతి ఒకటుంది. రోజుకి రెండు కప్పులు అదనంగా తాగేవాళ్లలో కాలేయ క్యాన్సర్ ముప్పు 35 శాతం తక్కువని పలు అధ్యయనాలు కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ చెప్పింది. కాఫీ వల్లే తగ్గిందని తేలినట్టు కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ పండేది ఈ కొండల్లోనే. పండించిన ఇంట్లో మాత్రం టీయే కాస్తారు.

రక్తపరీక్షకి ముహూర్తం అడిగితే నేను ఆ కాఫీ క్యాలెండరే చూపిస్తాను. సంక్రాంతి దాటి, పండ్ల కోత ముగిసి, గింజలు అమ్మిన డబ్బు చేతికొచ్చేసరికి వానాకాలపు జ్వరాల జోరు ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. ప్లేట్‌లెట్లు అప్పటికి తమ అసలు అంకెకి వచ్చేసి ఉంటాయి.